గంజి పెట్టిన బట్ట

అట్టపెట్టె మూత విప్పగానే ఓజెల్లా ముక్కుకి కాఫీ వాసన కొట్టింది. చల్లారిన కాఫీలో రెండు మూడు రోజులు నానేసి, పిండకుండా ఆరేసిన గుడ్డ వాసన. రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తింది. రొమ్ము దాకా వచ్చే నీలం పొలం పంట్లాం, భుజాలకి పట్టీలు. ఒక పట్టీకి బొత్తాం లేదు. రెండు మోకాళ్ళ దగ్గరా చిరుగులు. తొడల మీదా, వెనకాలా గోధుమరంగు మరకలు. దాని అడుగున కాలరు లేని చొక్కా, అంచు ఎలుక కొరికినట్టున్న గడ్డి టోపీ.

"ఎవరు పోయార్రా?" అంది.

ఎవరైనా పోతేనే ఇలా బట్టలు పెట్టెల్లో ఇళ్ళకి వస్తాయి. అవైనా ఉతికే వస్తాయి.

థర్మన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎడమ చెయ్యి వేడి ఉప్పునీళ్ళ గిన్నెలో ముంచుకుని ఉన్నాడు. అరవై ఒకటో ఏడు నడుస్తున్నా తల్లి ముందు స్కూలు పిల్లాడిలాగే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటాడు.

"ఎవరూ పోలేదమ్మా. పత్తి దారి పండుగ చేయించే పిల్ల ఇచ్చెళ్ళింది. శనివారం అవి తొడుక్కోవాలంట."

"ఎవరు?"

"నేనే. స్టేజీ మీద పత్తి బేలు వేసి, దాని మీద కూచోబెడతారంట."

ఓజెల్లా పంట్లాంని పెట్టెలోకి జారవిడిచి చేతులు ఆప్రానుకి తుడుచుకుంది. ఇస్త్రీ బల్ల మీద అతని నల్ల సూటు సిద్ధంగా పరిచి ఉంది. దానికేసి చూపించింది.

"మరి దీన్నేం చెయ్యను?"

"ఈ వారం దానికి సెలవు."

బుధవారం ఆమెకి ఇస్త్రీ రోజు. థర్మన్ పత్తి జిన్నింగు మిల్లులో యంత్రాల కింద గ్రీజులో పడుకున్న ముప్ఫై ఏళ్ళూ, ఆ పని మానేశాకా, శనివారాల్లో గిటారు పుచ్చుకుని వెళ్ళేది ఆ సూటులోనే. చొక్కా కాలరుకి గంజి, పంట్లాంకి కత్తి లాంటి మడత, జేబులో నాలుగు మూలలు కలిపిన చేతి రుమాలు. ఓజెల్లా చర్చి తలుపు దగ్గర తెల్ల చేతి తొడుగులతో నిలబడి జనాన్ని బెంచీల మీద కూర్చోబెట్టే మనిషి. కొడుకు వాయించేవి దేవుడికి గిట్టని పాటలని పాస్టరు చెప్పాడు, ఆమె సరేనంది. అతను వాయించే ఏ సారా కొట్టు గడపా తొక్కలేదు. ఒక్క పాటైనా వినలేదని చర్చి ఆడవాళ్ళ ముందు చెయ్యెత్తి చెప్పింది కూడా. బట్టలు మాత్రం ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆమె తమ్ముడు లోన్జో రోడ్డు పక్క మురుగు కాలువలో శవమై దొరికినప్పుడు ఒంటి మీద చిరిగిన పొలం బట్టలున్నాయి. పేపర్లో 'ఎవరో కూలివాడు' అని రెండు లైన్లు వేశారు. జేబులో పేరున్న కాగితం ఉన్నా తీసి చూసినవాడు లేడు. థర్మన్ గుమ్మం దాటిన ప్రతి శనివారమూ ఆమెకి ఆ రెండు లైన్లే కళ్ళ ముందు ఆడతాయి. ఏ మలుపులో పోలీసు బండి ఆపుతుందో, ఏ కాలువలో తేలతాడో. తేలితే, వీడికొక తల్లి ఉందని చొక్కా చూసైనా తెలియాలి.

"నీ సూటు ఫోటో వాళ్ళకి పంపలేదూ?"

"పంపానమ్మా. సూటులో చర్చి పెద్దలా ఉన్నానంట. జనం నమ్మరంట."

"ఏం నమ్మరు?"

"నాది అసలైన బ్లూస్ అని. పత్తి పొలాల్లో నల్లవాళ్ళు పాడుకున్న పాట అని."

ఓజెల్లా నోట్లోకి చేదు ఊరింది. మింగింది. "నువ్వు ఒక్కనాడు పత్తి తీశావట్రా? తీసిందాన్ని నేను. గోళ్ళ సందుల్లో నెత్తురు కారుతుంటే తీశాను. నువ్వు ఆ సాళ్ళలో కాలు పెట్టకూడదనే తీశాను."

"తెలుసమ్మా."

"తెలిసే ఒప్పుకున్నావూ?"

అతను నీళ్ళలోంచి చెయ్యి తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. నాలుగు వేళ్ళూ చాపుకున్నాయి. చిటికెన వేలు మాత్రం కొక్కెంలా అరచేతిలోకి వంగే ఉంది. కుడి చేత్తో దాన్ని పట్టుకుని నెమ్మదిగా లాగాడు. సగం వచ్చి ఆగింది. సీసా మెడ కోసి నునుపు చేసిన గాజు గొట్టం ఆ వేలికే తొడగాలి. ఆ గొట్టంతో తీగ మీద జారితేనే గురువు హోసియా దగ్గర నేర్చుకున్న పాట పలుకుతుంది.

"నలభై నిమిషాలిస్తున్నారమ్మా. యూనివర్సిటీ నుంచి రికార్డు చేసే ఆయన వస్తున్నాడు. 'ఎండు వాగు' మొత్తం వాయించాలంటే పద్నాలుగు నిమిషాలు. ఇన్నేళ్ళలో ఎవడిచ్చాడు నాకు పద్నాలుగు నిమిషాలు? మూడో నిమిషానికే డాన్సు పాట కొట్టమని గ్లాసులు మోగించేవాళ్ళు. హోసియా పోయాక అది వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ వేలు చలికాలం దాటదన్నాడు డాక్టరు."

"అందుకని?"

"అందుకని గోనె కట్టుకు రమ్మన్నా వెళ్తాను."

ఓజెల్లా చిన్న తువ్వాలు తీసి ఇస్త్రీ పెట్టె కింద పెట్టి వేడెక్కించి, అతని చేతికి చుట్టి, తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది. వేడి చల్లారే దాకా అలాగే ఉంది.

తర్వాత అతను వెనక వసారాలోకి వెళ్ళి తీగలు సడలించుకున్నాడు. ఓజెల్లా వంటింట్లో చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తోంది. మధ్యన చెక్క గోడ. బొటనవేలు లావు తీగ మీద ఒకే దెబ్బ కొడుతూ, పాదం నేల చెక్కని తంతూ, గాజు గొట్టం సన్నతీగ మీద ముసలావిడ మూలుగులా పాకింది. మధ్యలో ఒక చోట తీగలు, పాదం, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. హోసియా బతికున్న రోజుల్లో ఇదే వసారాలో కూర్చుని, కుర్ర థర్మన్‌కి ఆ చోటు గురించి చెబుతుండేవాడు. "ఇక్కడ వాగు ఇసక కిందికి పోతుంది. చూసేవాడు ఎండిపోయిందనుకుంటాడు. నువ్వు తొందరపడకు. నీళ్ళు వాటంతటవే పైకొస్తాయి."

ఓజెల్లా చేతిలో ఇస్త్రీ పెట్టె గాలిలో ఆగింది. అవతల తీగ మళ్ళీ పలికాక బట్ట మీదికి దిగింది. ఎవరైనా చూసి అడిగితే చెయ్యి నొప్పి అని చెప్పేది.

*

గురువారం పొద్దున్నే ఆ పంట్లాంని పెరట్లోకి తీసుకెళ్ళి కుళాయి కింద పడేసింది. మొదటి నీళ్ళు కాఫీలాగే దిగాయి. రెండో నీళ్ళూ అంతే. మూడోసారి సబ్బు పెట్టి గరుకు బల్ల మీద రుద్దుతుంటే విల్లీ డీన్ వచ్చింది. పక్క వీధిలో ఉంటుంది, చర్చిలో ఓజెల్లా పక్కనే నిలబడుతుంది, ఏడేళ్ళు చిన్నది.

"ఎవరి పాపాలు కడుగుతున్నావే అక్కా?"

"పండుగ పిల్ల పంపింది. నా కొడుకు ఎల్లుండి శనివారం ఇది తొడుక్కుని ఊరందరి ముందూ కూచోవాలంట."

విల్లీ డీన్ కళ్ళజోడు సర్దుకుని తడి గుడ్డని పైకి లాగి చూసింది. "ఇదేం చిరుగు? రెండు మోకాళ్ళకీ సరిగ్గా ఒక్క చోటే. సాళ్ళలో మోకరిల్లితే కుడి మోకాలు ముందు పోతుంది. ఎడమది నాలుగు నెలలు ఆలస్యంగా పోతుంది."

"అదే చూశాను. కత్తెరతో కోసి గరుకు కాగితంతో రుద్దారు. లోపలి వైపు చూడు, బట్ట నిగనిగలాడుతోంది. కొత్తది."

"కొత్త బట్టని పాడు చేశారా! మా ఆయన్ని అడిగితే ఊరికే చేసిపెట్టేవాడుగా."

ఓజెల్లాకి నవ్వు రాలేదు. "పొలం బట్ట కావాలంటే కావాలనుకో. చిరిగిందెందుకు కావాలి? పాపం ఆ పిల్లకి ఏం తెలుసు. పట్నంలో ఎవడో దొంగ వెధవ చేతికందిన మాలు అంటగట్టాడు. చూసుకోకుండా తెచ్చేసింది."

"పిల్లలకి కొనడం రాదీ కాలంలో. మరి చెప్పవా?"

"చెప్పి సిగ్గుపరచడమెందుకు. కుట్టి ఇస్తే పోయె."

చచ్చిపోయిన మొగుడి పని పంట్లాం ఒకటి ట్రంకుపెట్టె అడుగున ఉంది. రెండుసార్లు తొడిగాడంతే. దాని కాలు కోసి రెండు అతుకులు తీసింది. అంచులు లోపలికి మడిచి, జంట దారంతో, గోరు దూరనంత దగ్గరగా కుట్టింది. కళ్ళు నీళ్ళు కారితే ఆగి తుడుచుకుని మళ్ళీ కుట్టింది. బొత్తాల డబ్బాలో వెతికి ఇత్తడి బొత్తాం పెట్టింది. మొండి మరకలకి నిమ్మకాయా ఉప్పూ పట్టించి ఎండలో పరిచింది. మధ్యాహ్నం గంజి కాచింది. మామూలుగా కాలర్లకి పెట్టే దానికన్నా చిక్కగా, గరిటె నిలబడేలా. ముంచి, పిండి, తీగ మీద ఆరేసి, సగం తడి ఉండగానే చుట్టచుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో తోసింది. చల్లగా పడుకుంటే గంజి దారంలోకి ఇంకుతుంది.

సాయంత్రం థర్మన్ మజ్జిగ కోసం ఫ్రిజ్ తెరిచాడు.

"అమ్మా, పంట్లాం ఉంది ఇక్కడ."

"ఉండనీ. దానికి ఆకలి లేదులే."

అతను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె వేళ్ళ కొసల మీది సూది పోట్లు చూసి, మజ్జిగ గ్లాసులో పోసుకుని వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం పదిగంటలకి కెండల్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళ తెల్లమ్మాయి. మెడలో తాడుకి వేళ్ళాడే పండుగ కార్డు, ఫోటోలు తీసే అతను వెనక. ఓజెల్లా తలకి గుడ్డ మార్చుకుని, చల్లటి తీపి టీ కలిపి ముందే పెట్టింది. ఇస్త్రీ చేసిన పంట్లాంని కుర్చీ వీపు మీద వేసి ఉంచింది. కుర్చీ లేకపోయినా నిలబడేలా ఉందది. మడత మీద వేలు పెడితే తెగేలా ఉంది.

కెండల్ గుమ్మంలోకి వచ్చి, నవ్వబోయి ఆగింది.

"అయ్యో... మిస్ ఓజెల్లా. ఇదేనా? ఇది... మీరు ఉతికారా?"

"ఉతికి, కుట్టాను కూడా అమ్మా. మోకాళ్ళు పోయాయి. నిన్ను ఎవరో మోసం చేశారు, ఈసారి కొనేటప్పుడు లోపలి వైపు తిప్పి చూసుకో."

ఫోటోలతను అటు తిరిగి దగ్గాడు. కెండల్ చెంపలు ఎర్రబడ్డాయి. పంట్లాంని చేతిలోకి తీసుకుంది. అది అట్టముక్కలా వంగకుండా వచ్చింది.

"మీరు చాలా కష్టపడ్డారు. నిజంగా. కాని వీటిని ఇలా చేయించడానికి మా డిజైనరుకి ఆరు వారాలు పట్టింది. ఆ మరకలు, ఆ చిరుగులు... అవి కావాలనే చేసినవి."

ఓజెల్లాకి మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, ఎదుటి పిల్లలో సిగ్గు కోసం వెతికింది. అదేం కనబడలేదు. పిల్ల మొహం నిండా ఆదుర్దా ఒక్కటే ఉంది.

"పర్లేదు, పర్లేదు. సరిచేసేద్దాం. మిస్టర్ థర్మన్, ఒక్కసారి తొడుక్కుని పెరట్లోకి వస్తారా?"

థర్మన్ తొడుక్కుని వచ్చాడు. కెండల్ కత్తెర తీసి మోకాలి అతుకు కిందకి మొన దూర్చింది. దూరలేదు. ఇంకో మూల ప్రయత్నించింది. దారం తెగలేదు.

"దేనితో కుట్టారండీ దీన్ని?" అని గొంతు తేలిక చేసి నవ్వింది.

"దారంతో," అంది ఓజెల్లా.

అప్పుడు కెండల్ చుట్టూ చూసి, కుళాయి కింద నిన్నటి ఉతుకు నీళ్ళకి నానిన నల్లరేగడి కనబడితే వంగి దోసిలితో తీసింది. "కొంచెం చల్లగా ఉంటుంది, సారీ," అంటూ థర్మన్ ముందు గొంతుక్కూర్చుని అతని మోకాళ్ళకి పూసింది. తొడలకి పూసింది. వెనక్కి తిరగమని వెనకా పూసింది. మధ్యలో ఒకడుగు వెనక్కి వేసి తల పక్కకి వంచి చూసుకుని, ఛాతీ మీద కూడా అరచెయ్యి అద్దింది. గోడకి సున్నం వేసే మనిషి చూసుకున్నట్టు. థర్మన్ రెండు చేతులూ ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకుని, పెరటి కంచె అవతలికి చూస్తూ నిలబడ్డాడు. పాపాయిగా ఉన్నప్పుడు స్నానం చేయిస్తుంటే అలాగే ఎత్తేవాడు చేతులు.

ఓజెల్లాకి కుళాయి దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల చేతి మీద కొట్టాలనిపించింది. కొడితే పండుగ పోతుంది. పండుగ పోతే పద్నాలుగు నిమిషాలూ పోతాయి. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. నిలబడి ఆ మట్టికేసే చూసింది. అరవై ఏళ్ళు పరాయి వాళ్ళ బట్టలూ తన బట్టలూ ఉతికిన కళ్ళతో చూసింది. చూసి నోరు మూసుకుంది.

"ఇక్కడే ఆరనివ్వండి. రేపటిదాకా ఉతకద్దు, ప్లీజ్," అని నవ్వుతూ చెప్పి కెండల్ వెళ్ళిపోయింది. టీ ముట్టుకోలేదు.

కారు మలుపు తిరిగాక ఓజెల్లా కొడుకు వైపు తిరిగింది.

"నీకు నోరు లేదట్రా?"

"ఉందమ్మా."

"మీ నాన్న ఉంటే..."

"నాన్న ఉంటే ఆయనకీ పూసేది."

"ఛీ! నవ్వుతున్నావా? ఆ పిల్ల చేతులు నీ ఒంటి మీద... బూటుకి పాలిష్ వేసినట్టు... నాకు వాంతి వచ్చింది. ఆ పిల్లని చూసి కాదు. నిన్ను చూసి!"

థర్మన్ తలుపు మెట్టు మీద కూర్చోబోయి, మట్టి చూసుకుని నిలబడిపోయాడు.

"హోసియా ఎలా పోయాడో గుర్తుందా అమ్మా? ఆఖరి రోజుల్లో మాట పడిపోయింది. మంచం పక్కన నేను ఎండు వాగు వాయిస్తే, ఇసక చోటు దగ్గర నేను తొందరపడ్డానని వేలెత్తి చూపించాడు. మాట లేదు, వేలు ఎత్తాడు. అది నా దగ్గర ఉంది. ఇంకెవడి దగ్గరా లేదు. ఈ వేలు ముడుచుకుపోతే నాతో మట్టిలోకి పోతుంది. ఒంటి మీద కాస్త మట్టి పడితే నాకేం?"

"వాళ్ళు ఆ ఫోటోలే చూస్తార్రా. పాట ఎవడు వింటాడు?"

"వినేవాడు ఒక్కడుంటే చాలు."

"ఎవడు వాడు?"

అతను తల్లి వైపు చూసి, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

*

శనివారం ఆమె చర్చి తెల్ల గౌను తొడుక్కుంది. సూటుని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి చేతి మీద వేసుకుని, విల్లీ డీన్ కారులో ఎక్కింది.

"ఎక్కడికే అక్కా? పాస్టరు చూస్తే?"

"సూటు ఇచ్చొస్తాను. ఆఖరి నిమిషంలోనైనా మనసు మారచ్చు. నువ్వు బండి నడుపు."

పండుగ పాత రైలు స్టేషను ఆవరణలో. పట్టపగలు, రెండు దాటింది. గేటు దగ్గరే ఒక బల్ల మీద పత్తికాయలు, ఒక్కొక్కదానికీ ఎర్ర రిబ్బను కట్టి, ప్లాస్టిక్ సంచుల్లో అమ్ముతున్నారు. "ఇంటికి తీసుకెళ్ళండి, నిజమైన పత్తి!" అంటోంది అమ్మే పిల్ల. ఓజెల్లా చూపుడువేలు తనంతట తనే బొటనవేలి వెనక దాక్కుంది. స్టేజీ మీద పత్తి బేలు, పక్కన బట్టలు ఉడకబెట్టే ఇనప గంగాళం పెట్టారు. గంగాళంలో ఎవరో ఐసు ముక్కలు పోసి బీరు సీసాలు పెట్టుకున్నారని విల్లీ డీన్ వెళ్ళి చూసొచ్చి చెప్పింది.

స్టేజీ వెనక థర్మన్ మట్టి పంట్లాంలో, గడ్డి టోపీలో నిలబడి చిటికెన వేలిని రెండో చేత్తో లాగుకుంటున్నాడు. రేగడి పొద్దుటి ఎండకి ఆరి బూడిద రంగుకి తిరిగింది.

"తెచ్చాను," అంది సూటు చూపించి.

"టైమైపోయిందమ్మా."

"వేలు?"

"వచ్చింది. ఇదిగో." గాజు గొట్టం తొడిగి చూపించాడు. వేలు వణుకుతూ అయినా నిటారుగా ఉంది. "నువ్వు వెళ్ళిపోతావా?"

"విల్లీకి కాళ్ళు నొప్పులంట. కాసేపు కూచుని వెళ్తాం."

"నాకేం నొప్పులు లే..." అనబోయిన విల్లీ డీన్ పక్కలో మోచెయ్యి పడింది.

మొదటి వరసలో చోటు దొరికింది. పక్కనే చిన్న బల్ల మీద యంత్రం పెట్టుకుని, చెవులకి తొడుగులు పెట్టుకున్న గడ్డం మనిషి, యూనివర్సిటీ ఆయన. కెండల్ మైకు పట్టుకుని వచ్చింది.

"తిన్నగా పత్తి పొలాల్లోంచి మీ ముందుకి వచ్చిన, ఆఖరి అసలైన గొంతు..."

"జిన్నింగు మిల్లులోంచి," అని గొణిగింది ఓజెల్లా.

"ఏమే?"

"ఏం లేదు."

థర్మన్ బేలు మీద కూర్చున్నాడు. గిటారు సర్దుకున్నాడు. ఎవరికీ నమస్కారం పెట్టలేదు. మూడు చిన్న పాటలు వాయించాడు. జనం పళ్ళెంలో చేపలు తింటూ తలలూపారు. ఒకావిడ లేచి అతని టోపీతో సహా తానూ పడేలా ఫోన్లో ఫోటో తీసుకుని కూర్చుంది. ఓజెల్లా ఒళ్ళో సూటు మీద చేతులు పెట్టుకుని, వాళ్ళ నోళ్ళని చూడకుండా కొడుకు మోకాళ్ళని చూస్తూ కూర్చుంది.

నాలుగోదానికి అతను తీగలు సడలించాడు.

బొటనవేలు లావు తీగ మీద పడింది. పాదం చెక్క మీద పడింది. గోడ అడ్డం లేకుండా ఆ పాట వినడం ఆమెకి ఇదే మొదలు. గోడ అవతల మూలుగులా ఉండేది ఇక్కడ ఒక మనిషి పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. పాదం పడ్డప్పుడల్లా మోకాలి మీద రేగడి కదిలింది. ముందు సన్న పగులు. తర్వాత ఒక పెచ్చు లేచి బేలు కింద రాలింది. చిక్కటి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బట్టకి మట్టి లోపలికి దిగదు. పైన కూచుంటుంది, ఎండితే పోతుంది. నిన్న పెరట్లో ఆమె నోరు మూసుకుని చూసింది అదే.

ఏడో నిమిషమో ఎనిమిదో నిమిషమో, పాట ఇసక చోటుకి వచ్చింది. తీగలు ఆగాయి. పాదం ఆగింది. థర్మన్ అరచెయ్యి తీగల మీద పెట్టి తల వంచుకున్నాడు.

జనం ఒక్క క్షణం ఆగి, చప్పట్లు కొట్టేశారు. ఈలలు వేశారు. కెండల్ మైకు పుచ్చుకుని మెట్లెక్కింది. యూనివర్సిటీ ఆయన నవ్వుతూ తలూపి, యంత్రం మీది బొత్తాం వైపు వేలు చాపాడు.

ఓజెల్లా లేచి ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

"చెయ్యి తియ్యి. ఇంకా కాలేదు."

"అమ్మగారూ, పాట అయిపో..."

"కాలేదంటున్నానా! సగమే అయింది. వాగు ఇసక కిందికి పోయింది. కాసేపాగు, పైకొస్తుంది." స్టేజీ మీదికి వేలెత్తింది. "ఏయ్ పిల్లా! దిగు కిందికి. దారికడ్డం నిలబడకు."

ఆమె చర్చిలో వాడే గొంతు. బెంచీల మీద పిల్లల్ని నోరు మూయించే గొంతు. కెండల్ మెట్టు మీదే ఆగిపోయింది. చప్పట్లు వరసవరసగా చచ్చాయి. వెనకెక్కడో ఐసుముక్క సీసాకి తగిలిన చప్పుడు కూడా వినబడింది.

థర్మన్ తల ఎత్తలేదు. తొందరపడలేదు. ఓజెల్లా నిలబడే ఉంది, ఇస్త్రీ పెట్టె పట్టుకున్నట్టే కుడి చెయ్యి గాలిలో పెట్టి. సరిగ్గా ఆమె చెయ్యి దిగినప్పుడు తీగ పలికింది.

రెండో సగం మొదటి సగం కన్నా కిందినించి వచ్చింది. పాదం ఇప్పుడు గట్టిగా తన్నింది. మోకాళ్ళ మీది రేగడి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. తొడల మీదిది ఊడింది. అతుకులు బయటపడ్డాయి, జంట దారం కుట్లు ఒక్కటీ వదలకుండా. తొడ నుంచి చీలమండ దాకా మడత గీసినట్టు నిలబడింది. కెండల్ ఫోటోలతని చెవిలో ఏదో చెప్పింది. అతను కెమేరాని మోకాళ్ళ మీదినించి మొహం మీదికి తిప్పాడు.

విల్లీ డీన్ ఆమె గౌను పట్టుకుని కూర్చోబెట్టింది.

"పాట సగమని నీకెలా తెలుసే? ఒక్కటీ వినలేదని చెయ్యెత్తి ఒట్టేశావుగా?"

"మా ఇంటి గోడ పలచన."

"రేపు చర్చిలో అడుగుతారు."

"అడగనీ. ముందు నోరు మూసుకుని విను, ఇంకా నాలుగు నిమిషాలుంది."

పాట అయినప్పుడు ఎవరికీ చప్పట్లు కొట్టే ధైర్యం చాల్లేదు. అందరూ ముందు వరసలో తెల్ల గౌను ముసలావిడ వైపు చూశారు. ఆమె తలూపాక కొట్టారు. యూనివర్సిటీ ఆయన బొత్తాం నొక్కి, మణికట్టు రుద్దుకున్నాడు.

స్టేజీ వెనక్కి వెళ్ళేసరికి కెండల్ అక్కడే ఉంది. "చాలా బావుంది మిస్టర్ థర్మన్, అద్భుతం... బట్టలు వచ్చే ఏడాదికి మాకు కావాలి, ఇక్కడే వదిలేస్తే..."

"సోమవారం ఉతికి ఇస్తాను," అంది ఓజెల్లా. "మా ఇంట్లోంచి మురికి బట్ట బయటికి పోదు."

కెండల్ దారి ఇచ్చి పక్కకి జరిగింది.

"ముందు ఇవి విప్పు," అని ఓజెల్లా కొడుకుతో అంది. "ఇవి తొడుక్కుని బండి నడపకు. వంతెన దగ్గర పోలీసు బండి ఉంది, వస్తూ చూశాం."

అతను డేరా వెనక్కి వెళ్ళి పంట్లాం మార్చుకుని, తెల్ల చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. ఆమె కోటు విప్పి పట్టుకుంది. కుడి చెయ్యి దూరింది. ఎడమ చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. చిటికెన వేలు మళ్ళీ ముడుచుకుపోయి, లోపలి అస్తరుకి కొక్కెంలా తగులుకుంది. థర్మన్ లాగబోయాడు.

"ఆగు, చింపుతావు," అని ఆమె కోటు చేతిలోకి తన చెయ్యి పోనిచ్చి, ఆ వేలిని వెతికి పట్టుకుని, రెండో కొస దాకా నడిపించుకుంటూ బయటికి తీసింది.